ఫ్రీలాన్స్ రైటింగ్: రాయడం వస్తే సరిపోదు.. పేరు, పేమెంట్ రెండూ రావాలంటే ఇవి తెలుసుకోండి!

‘తెలుగు రాయడం వస్తే చాలు, ఇంట్లో కూర్చునే సంపాదించొచ్చు’.. రీల్స్‌లో ఈ మాట రోజూ వినిపిస్తుంది. ఇందులో సగం నిజమే. యూట్యూబ్ ఛానళ్లకు స్క్రిప్టులు కావాలి. ఓటీటీలకు సబ్‌టైటిల్స్, డబ్బింగ్ డైలాగులు కావాలి. ఆడియో స్టోరీ యాప్స్, యాడ్ ఏజెన్సీలు, న్యూస్ సైట్లు, ఆదివారం అనుబంధాలు.. అన్నిటికీ రాసేవాళ్లు కావాలి. కాబట్టి పని ఉంది.

మిగతా సగం మాత్రం ఆ రీల్స్‌లో చెప్పరు. రాసిన దానికి పేరు వేయరు. పేమెంట్ ‘నెక్స్ట్ మంత్’ అంటూ నెలలు దాటుతుంది. అదే ఆర్టికల్ ఇంకో సైట్‌లో ఇంకొకరి పేరుతో కనిపించినా ఏం చేయాలో తెలియదు.

దీనికి తోడు ఇప్పుడు ఏఐ వచ్చింది. 500 పదాల మామూలు ఆర్టికల్‌ని నిమిషంలో ఇచ్చేస్తోంది. మరి క్లయింట్ మీకెందుకు డబ్బులివ్వాలి? ఈ ప్రశ్నకు మీ దగ్గర గట్టి జవాబు ఉండాలి. ఆ జవాబులో మూడు ముక్కలున్నాయి. ఒకటి, మీరు స్వయంగా వెళ్లి కనుక్కున్న సమాచారం. రెండు, చెవికి సాఫీగా తగిలే తెలుగు. మూడు, మీ పేరు మీద, మీ హక్కుగా నిలబడే పని. ఈ మూడూ ఎలా సంపాదించుకోవాలో ఒక్కొక్కటిగా చూద్దాం.

1. గూగుల్‌లో లేనిది ఒక్కటైనా ఉండాలి

గుంటూరు మిర్చి యార్డు మీద ఆర్టికల్ రాయాలనుకుందాం. సెర్చ్ చేస్తే వచ్చే నాలుగు లైన్లే అందరూ రాస్తారు. మీరు తెల్లవారుజామున యార్డుకి వెళ్లండి. ఈరోజు ఎన్ని టిక్కీలు వచ్చాయి? తేజ రకానికి ఎంత పలికింది? తాలు కాయలకు రేటు ఎలా కడతారు? హమాలీకి బస్తాకి ఎంత ముడుతుంది? రైతుకి డబ్బులు అదే రోజు చేతికొస్తాయా, ఎన్ని రోజులు ఆగాలి? ఈ ఐదు ప్రశ్నలకు జవాబులు తెచ్చుకుంటే చాలు, మీ ఆర్టికల్ మిగతా వాటికంటే వేరుగా నిలబడుతుంది.

వెళ్లడం కుదరకపోతే ఫోన్ చేయండి. ఆ రంగంలో ఉన్న కనీసం ఇద్దరితో మాట్లాడండి. వాళ్ల పేరు, ఊరు, ఏ రోజు మాట్లాడారు అనేది నోట్ చేసుకోండి. పేరు వాడొచ్చా అని ముందే అడగండి. ప్రతి అంకె పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో మీ కాపీలో రాసుకోండి. ‘ఈ ఫిగర్ ఎక్కడిది?’ అని ఎడిటర్ అడిగితే అర నిమిషంలో చెప్పగలగాలి. అలా చెప్పగలిగే రైటర్‌కి రెండో అసైన్‌మెంట్ రావడం తేలిక.

ఏఐని అసలు ముట్టుకోకూడదని కాదు. ఇంటర్వ్యూకి ప్రశ్నల లిస్టు వేసుకోవడానికి, హెడ్డింగ్ ఆప్షన్లు చూసుకోవడానికి పనికొస్తుంది. కానీ అది ఇచ్చిన తేదీలు, అంకెలు, కోట్స్ చెక్ చేయకుండా వాడితే పోయేది మీ పేరే. క్లయింట్ ఏఐ వద్దన్నప్పుడు వాడితే నమ్మకం మొత్తం పోతుంది. అందుకే ముందే అడిగి తేల్చుకోవడం మంచిది.

2. అనువాదం వాసన వదిలించుకోండి

తెలుగు కంటెంట్‌లో ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. అక్షరాలు తెలుగువే, వాక్యం మాత్రం ఇంగ్లిష్‌ది. ఈ ఉదాహరణలు చూడండి.

• ‘ఈ పథకం ప్రభుత్వం చేత ప్రారంభించబడినది’ అని రాయకండి. ‘ఈ పథకాన్ని ప్రభుత్వం మొదలుపెట్టింది’ అంటే చాలు.

• ‘అతను రెండు ఇళ్లను కలిగి ఉన్నాడు’ కాదు. ‘అతనికి రెండు ఇళ్లున్నాయి.’

• ‘ఈ ఫోన్ యొక్క బ్యాటరీ యొక్క సామర్థ్యం’ కాదు. ‘ఈ ఫోన్ బ్యాటరీ సామర్థ్యం.’

• ‘క్రికెట్ ఆడటం అనేది అతనికి ఇష్టమైన విషయంగా ఉంది’ కాదు. ‘అతనికి క్రికెట్ అంటే ఇష్టం.’

ఒక చిన్న టెస్ట్ ఉంది. రాయడం అయ్యాక ‘బడింది’, ‘యొక్క’, ‘అనేది’, ‘కలిగి’.. ఈ నాలుగు మాటల్ని మీ ఫైల్‌లో సెర్చ్ చేయండి. దొరికిన ప్రతిచోటా ఆ మాట లేకుండా వాక్యం రాయగలరేమో చూడండి. చాలాచోట్ల కుదురుతుంది. మీ కాపీ చిక్కగా తయారవుతుంది.

తర్వాత పైకి చదవండి. మనసులో కాదు, గొంతెత్తి. ఎక్కడ ఊపిరి అందలేదో అక్కడ వాక్యం విరగాలి. ఎక్కడ నాలుక తడబడిందో అక్కడ మాట మారాలి.

మాటల ఎంపికలో ఇంకో సంగతి. పల్లీలు, వేరుశనగ, శనక్కాయలు, బుడ్డలు.. ఒకే గింజకి ప్రాంతానికో పేరు. మీ ఊరి కథ రాస్తుంటే మీ ఊరి మాటే అందం. రెండు రాష్ట్రాల వాళ్లూ వాడే యాప్‌కి రాస్తుంటే మాత్రం అందరికీ తెలిసిన మాట పట్టుకోండి. అనుమానం వస్తే ఆంధ్రభారతి సైట్‌లోని నిఘంటువుల్లో వెతకండి. చాలా నిఘంటువుల్ని ఒకేసారి చూడొచ్చు. పైసా ఖర్చు లేదు.

ప్రాక్టీస్ ఎక్కడ అంటారా? 2003లో మొదలైన తెలుగు వికీపీడియా మంచి జిమ్ లాంటిది. అక్కడ మీ ఊరి పేజీని బాగుచేసి చూడండి. ఆధారం చూపించకుండా ఏదైనా రాస్తే వేరేవాళ్లు వచ్చి ప్రశ్నిస్తారు, లేదంటే తీసేస్తారు. ఆధారంతో, గొప్పలు లేకుండా రాయడం అలవాటవుతుంది.

3. ఫార్మాట్ మారితే రాత మారాలి

ఫీచర్ బాగా రాసినవాళ్లంతా వీడియో స్క్రిప్ట్ బాగా రాస్తారని లేదు. వీడియో చూసేవాళ్లు వెనక్కి వెళ్లి చదువుకోరు. అందుకే ఒక వాక్యంలో ఒక్క విషయమే ఉండాలి. తెర మీద కనిపించేదాన్నే మళ్లీ మాటల్లో చెప్పకూడదు. మూడు నిమిషాల స్క్రిప్ట్ అడిగితే పదాలు లెక్కపెట్టి ఊరుకోవద్దు. ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చదివి చూడండి. తెలుగు పదాలు పొడుగ్గా ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్ స్క్రిప్టుల లెక్క ఇక్కడ పనిచేయదు.

ఆడియో కథలో ‘అన్నాడు’, ‘అంది’ అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు, గొంతులే చెబుతాయి. సబ్‌టైటిల్‌లో డైలాగ్ మొత్తం పట్టదు. అర్థం పోకుండా కుదించాలి. డబ్బింగ్‌లో పెదాల కదలికకి సరిపోయే మాట వెతకాలి. ఇది చిన్నచూపు చూడాల్సిన పని కాదు. 1950లో వచ్చిన ‘ఆహుతి’ అనే డబ్బింగ్ సినిమాకి రాసింది మహాకవి శ్రీశ్రీ!

మొదట్లోనే అన్నీ చేస్తామని చెప్పకండి. ఒక ఫార్మాట్, ఒకటి రెండు సబ్జెక్టులు పట్టుకోండి. ‘ఏదైనా రాస్తాను’ అనే రైటర్ ఎవరికీ గుర్తుండరు. ‘వ్యవసాయం మీద వీడియో స్క్రిప్టులు రాస్తారు’ అంటే గుర్తుంటారు.

4. యూనికోడ్‌లో పంపండి.. సగం తలనొప్పి తగ్గుతుంది

చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ, పని పోయేది ఇక్కడే. డీటీపీ సెంటర్లలో, ప్రింట్ పబ్లికేషన్లలో ఇప్పటికీ అను ఫాంట్స్ వాడకం ఉంది. వెబ్‌సైట్లకు, యాప్స్‌కి మాత్రం యూనికోడ్ కావాల్సిందే. అను ఫైల్‌ని వెబ్ డెస్క్‌కి పంపితే పిచ్చి గీతలే కనిపిస్తాయి. అది సరిచేసి చదివే టైమ్ ఎవరికీ ఉండదు.

ఫోన్‌లో జీబోర్డ్, కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్.. ఏదైనా పర్లేదు, యూనికోడ్‌లో టైప్ చేయండి. వాయిస్ టైపింగ్‌తో స్పీడ్ పెరుగుతుంది. కానీ ఒత్తులు, ళ-ల, శ-ష-స తేడాలు మీరే చూసుకోవాలి. వాట్సాప్ మెసేజ్‌లో ముక్కలు ముక్కలుగా పంపకండి. ఒకే ఫైల్, పైన హెడ్డింగ్, మీ పేరు, ఫోన్ నంబర్, పదాల సంఖ్య ఉండాలి. ఫైల్ పేరు ‘ఫైనల్ ఫైనల్ 2’ అని కాకుండా, సబ్జెక్ట్, మీ పేరు కనిపించేలా పెట్టండి.

5. ఐదే శాంపిల్స్.. కానీ మంచివి

పోర్ట్‌ఫోలియో అంటే 40 లింకుల లిస్టు కాదు. ఎడిటర్ చూసేది మొదటి రెండే. మీ పేరుతో వచ్చినవి, మీ ఫార్మాట్‌లో ఉన్నవి ఐదు ఎంచుకోండి. ప్రతిదాని కింద రెండు లైన్లు రాయండి. అది ఎవరి కోసం రాశారు, అందులో మీరు ప్రత్యేకంగా చేసిన పనేంటి అని.

లింకులు మాత్రమే పెట్టుకుని ఊరుకోవద్దు. సైట్లు మూతపడతాయి, పేజీలు మాయమవుతాయి. వచ్చిన రోజే పీడీఎఫ్ తీసి దాచుకోండి. పేపర్‌లో వస్తే తేదీ కనిపించేలా స్కాన్ చేసి పెట్టుకోండి.

ఇంకా ఏదీ పబ్లిష్ కాలేదా? ఫర్వాలేదు. పనిస్తే ఎలా రాస్తారో చూపించేలా మూడు శాంపిల్స్ మీరే సొంతంగా తయారు చేయండి. మీ ఊరి వారాంతపు సంత, మీ జిల్లాలో మూతపడిన సినిమా హాలు, మీ వీధి టైలర్.. సబ్జెక్టులకు కొదవ లేదు. ఘోస్ట్ రైటింగ్ చేస్తుంటే, కనీసం ‘శాంపిల్‌గా చూపించుకోవచ్చు’ అనే అనుమతి అయినా మెయిల్‌లో తీసుకోండి. లేకపోతే రెండేళ్లు కష్టపడ్డా చూపించడానికి ఒక్క ముక్కా మిగలదు.

6. పిచ్ మెయిల్ ఎలా ఉండాలి?

‘సర్, నాకు రైటింగ్ అంటే చిన్నప్పటి నుంచి ప్యాషన్. ఒక్క అవకాశం ఇవ్వండి’.. ఇలాంటి మెయిల్‌కి జవాబు రావడం కష్టం. ఎందుకంటే అందులో ఎడిటర్‌కి పనికొచ్చేది ఏమీ లేదు. ఇలా రాసి చూడండి.

‘సబ్జెక్ట్: ఫీచర్ ప్రతిపాదన – మిర్చి యార్డు హమాలీల ఒక రోజు – 900 పదాలు, 6 ఫొటోలు.

నమస్కారం. మిర్చి సీజన్‌లో ధర గురించి అందరూ రాస్తారు. బస్తా మోసేవాళ్ల కూలీ ఎలా లెక్కకడతారో, సీజన్ అయ్యాక వాళ్లు ఏం చేస్తారో ఈ ఫీచర్‌లో ఉంటుంది. నలుగురు హమాలీలతో, ఒక కమీషన్ ఏజెంట్‌తో మాట్లాడాను. ఫొటోలు నేనే తీశాను. మీరు సరేనంటే 5 రోజుల్లో పంపగలను. ఇంతకుముందు రాసిన రెండు ఫీచర్ల లింకులు కింద ఉన్నాయి.’

అంతే. ఐడియా ఏంటి, మీ దగ్గర ఏముంది, ఎప్పుడిస్తారు.. మూడూ ఉన్నాయి. పంపే ముందు ఆ సైట్‌లో గానీ, పేపర్‌లో గానీ ఈ మధ్య అదే సబ్జెక్ట్ వచ్చిందేమో చూసుకోండి. జవాబు రాకపోతే వారం, పది రోజులు ఆగి ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ స్పందన లేకపోతే ‘వేరేచోటికి పంపుతున్నాను’ అని మర్యాదగా ఒక లైన్ రాసి ముందుకెళ్లండి. రాత్రి పదకొండింటికి వాట్సాప్ కాల్స్ మాత్రం వద్దు.

7. కథలు పంపేవాళ్లకు ఒక హెచ్చరిక

పత్రికలు, కథల పోటీలు హామీ పత్రం అడుగుతాయి. ‘ఇది నా సొంత రచన, దేనికీ అనువాదం, అనుకరణ కాదు, ఎక్కడా ప్రచురితం కాలేదు, వేరేచోట పరిశీలనలో లేదు’ అని రాసివ్వాలి. చాలా పోటీల రూల్స్‌లో ఫేస్‌బుక్, బ్లాగ్, వాట్సాప్ గ్రూపుల్లో వచ్చినా ప్రచురితమైనట్టే లెక్క. లైకుల కోసం కథ మొత్తం ఫేస్‌బుక్‌లో పెట్టేస్తే, రేపు పోటీకి పంపే అవకాశం పోతుంది. ఒకే కథని ఒకేసారి మూడు చోట్లకు పంపడం కూడా ప్రమాదమే. రెండు చోట్ల అచ్చయితే రెండు చోట్లా తలుపులు మూసుకుంటాయి.

ఏ కథ, ఎక్కడికి, ఏ తేదీన పంపారు, ఏం జవాబొచ్చింది.. ఒక ఎక్సెల్ షీట్ గానీ, నోట్‌బుక్ గానీ పెట్టుకోండి. ప్రతిలిపి లాంటి ప్లాట్‌ఫామ్స్‌లో పెట్టేముందు నియమాలు పూర్తిగా చదవండి. ముఖ్యంగా ఆడియో, వీడియో, సినిమా హక్కుల గురించి ఏముందో చూడండి.

8. ప్రమోషన్ అంటే లింక్ పారేయడం కాదు

20 వాట్సాప్ గ్రూపుల్లో ‘నా ఆర్టికల్ చదవండి ప్లీజ్’ అని పెడితే జనం మ్యూట్ చేస్తారు. లింక్‌తో పాటు అందులోంచి ఒక్క ఆసక్తికరమైన విషయం పెట్టండి. అది చదివాక లింక్ నొక్కాలా వద్దా అనేది వాళ్లే తేల్చుకుంటారు.

రాసిన విషయం ఎవరికి పనికొస్తుందో వాళ్లకే పంపండి. చేనేత మీద రాస్తే చేనేత సంఘాల గ్రూపులకు, రైతుల మీద రాస్తే రైతు గ్రూపులకు. మీరు ఇంటర్వ్యూ చేసినవాళ్లకు కచ్చితంగా లింక్ పంపండి. వాళ్లు నలుగురికి చూపిస్తారు. అన్నిటికంటే బలమైన ప్రచారం అదే.

ఫీచర్‌కి తీసిన ఫొటోలతో 40 సెకన్ల రీల్ చేయొచ్చు. యార్డులో తెలిసిన ఒక విషయం, మీ గొంతు, చివర్లో ఆర్టికల్ ఎక్కడుందో చెబితే సరి. లింక్డ్‌ఇన్‌లో మీ పేరు కింద ‘రైటర్’ అని వదిలేయకుండా ‘తెలుగు వీడియో స్క్రిప్ట్ రైటర్ – వ్యవసాయం, మార్కెట్లు’ అని స్పష్టంగా రాయండి. అన్నిచోట్లా ఒకే పేరు, ఒకే స్పెల్లింగ్ వాడండి. ఒకచోట ఇంటిపేరుతో, ఇంకోచోట కలం పేరుతో ఉంటే వెతికేవాళ్లకు దొరకరు.

9. రేటు చెప్పేముందు గంటలు లెక్కపెట్టండి

ఉదాహరణకి 1,000 పదాల ఆర్టికల్‌కి రూ.1,200 ఇస్తామన్నారు. పదానికి రూపాయి పైనే కదా అనిపిస్తుంది. ఫోన్లకు 2 గంటలు, రాయడానికి 4 గంటలు, మార్పులకు 2 గంటలు పట్టిందనుకోండి. మొత్తం 8 గంటలు. గంటకి రూ.150 పడింది. కరెంటు, నెట్, ప్రయాణం ఖర్చు ఇంకా తీయలేదు. ఈ లెక్క వేశాక ఒప్పుకోవాలా వద్దా అనేది మీ ఇష్టం. లెక్క తెలిసి ఒప్పుకోవడం వేరు, తెలియక ఒప్పుకోవడం వేరు.

తగ్గించమంటే ఊరికే తగ్గించకండి, పని తగ్గించండి. ‘ఆ బడ్జెట్‌లో 600 పదాలు, ఒక ఇంటర్వ్యూతో ఇస్తాను’ అనండి. ఎన్నిసార్లు మార్పులు చేస్తారో ముందే చెప్పండి. రెండుసార్లు అని పెట్టుకోవచ్చు, ఆపైన అదనపు ఛార్జ్. కొత్త క్లయింట్ అయితే సగం అడ్వాన్స్ అడగడంలో తప్పు లేదు. టెస్ట్ శాంపిల్ అంటే ఒకటి రెండు పేరాలు. ‘టెస్ట్’ పేరుతో 2,000 పదాలు ఉచితంగా అడిగితే అది టెస్ట్ కాదు, పనే.

ఉద్యోగం మానేసి దూకేయాలా? తొందరేం లేదు. యండమూరి వీరేంద్రనాథ్ చార్టర్డ్ అకౌంటెంట్ అనే విషయం చాలామందికి తెలిసిందే. నెల ఖర్చు వెళ్లేంత పని రెగ్యులర్‌గా వచ్చేదాకా రెండు పడవలూ నడిపించుకోవచ్చు.

10. కాపీరైట్: రాసినవాళ్లదే మొదటి హక్కు

ఇది ప్రతి ఫ్రీలాన్సర్ గుర్తుపెట్టుకోవాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచనకి మొదటి హక్కుదారు రచయితే. ఉద్యోగంలో భాగంగా రాస్తే లెక్క వేరు. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాదు కాబట్టి, హక్కులు రాసిచ్చేదాకా అవి మీవే.

• హక్కుల బదిలీ కాగితం మీద, సంతకంతోనే జరగాలి. నోటి మాటతో హక్కులు వెళ్లిపోవు.

• అగ్రిమెంట్‌లో ఎన్నేళ్లకో రాయకపోతే 5 ఏళ్లకే అని చట్టం లెక్కేస్తుంది. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికి మాత్రమే.

• హక్కులు ఇచ్చేశాక కూడా ‘ఇది రాసింది నేనే’ అని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకు ఉంటుంది.

• రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ గొడవ వస్తే ఆధారంగా పనికొస్తుంది. సాహిత్య రచనకి ఫీజు రూ.500, ఆన్‌లైన్‌లోనే అప్లై చేసుకోవచ్చు.

• ఐడియాకి కాపీరైట్ ఉండదు. ఆ ఐడియాని మీరు రాసిన తీరుకే ఉంటుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. అందుకే సినిమా కథ చెప్పడానికి వెళ్లేముందు నోట్లో కాదు, పేపర్ మీద పెట్టండి. ముంబైలోని స్క్రీన్‌రైటర్స్ అసోసియేషన్ లాంటి సంఘాలు సభ్యుల స్క్రిప్టులను రిజిస్టర్ చేస్తాయి.

అగ్రిమెంట్‌లో ‘అన్ని మాధ్యమాల్లో, ప్రపంచవ్యాప్తంగా, శాశ్వతంగా’ అని కనిపిస్తే ఒక్క నిమిషం ఆగండి. అడిగేది ఆర్టికల్ అయితే ఆడియో, సినిమా హక్కులు వాళ్లకెందుకు? వెబ్‌కి మాత్రమే ఇస్తానని అడిగి చూడండి. పెద్ద అగ్రిమెంట్ లేకపోయినా ఒక మెయిల్ రాసుకోండి. పని ఏంటి, ఎంత, ఎప్పటికి, పేరు వేస్తారా, డబ్బులు ఎన్ని రోజుల్లో.. ‘ఓకే’ అని వాళ్ల జవాబు వచ్చాకే పని మొదలుపెట్టండి.

11. పేమెంట్ ఆగిపోతే ఏం చేయాలి?

పని ఇచ్చిన రోజే ఇన్‌వాయిస్ పంపండి. నంబర్, తేదీ, పని వివరం, మొత్తం, పాన్, బ్యాంక్ వివరాలు, గడువు తేదీ ఉండాలి.

కంపెనీ నుంచి తక్కువ డబ్బులొస్తే కంగారు పడకండి, టీడీఎస్ అయి ఉండొచ్చు. ప్రొఫెషనల్ ఫీజుల మీద 10 శాతం కోస్తారు. 2025 ఏప్రిల్ నుంచి ఒక సంస్థ ఏడాదిలో ఇచ్చేది రూ.50 వేలు దాటితేనే ఇది వర్తిస్తుంది. అంటే రూ.60 వేల బిల్లుకి రూ.6 వేలు కట్ అయి రూ.54 వేలు వస్తాయి. కొన్ని సంస్థలు కాంట్రాక్ట్ పనిగా లెక్కేసి 1 శాతమే కోస్తాయి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. ఆ డబ్బు మీ పాన్ మీద జమ అయ్యిందో లేదో ఇన్‌కమ్ ట్యాక్స్ సైట్‌లో చూసుకోండి. మీకు పన్ను పడకపోతే రిటర్న్ వేసి రీఫండ్ తీసుకోవచ్చు. సర్వీసుల ఆదాయం ఏడాదికి రూ.20 లక్షల లోపు ఉంటే సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం రాదు.

డబ్బులే రాకపోతే? ఇక్కడ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పనికొస్తుంది. ఆధార్, పాన్‌తో ప్రభుత్వ పోర్టల్‌లో ఉచితంగా చేసుకోవచ్చు. సర్వీస్ ఇచ్చే ఒక్క మనిషి కూడా మైక్రో ఎంటర్‌ప్రైజ్‌గా నమోదు కావొచ్చు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఇలా నమోదైనవాళ్లకు ఒప్పందంలో రాసుకున్న గడువులోగా చెల్లించాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజులు దాటకూడదు. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్ల వడ్డీ, అది కూడా నెలనెలా చక్రవడ్డీ. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయొచ్చు. పని ఒప్పుకోకముందే రిజిస్టర్ అయి ఉండటం ముఖ్యం. ఇన్‌వాయిస్ మీద ఉద్యమ్ నంబర్ వేయండి.

అలాగని మొదటి రోజే చట్టం మాట ఎత్తక్కర్లేదు. గడువు దాటిన మర్నాడు ఒక మెయిల్, వారానికి ఇంకొకటి, అకౌంట్స్ సెక్షన్‌కి ఒక ఫోన్. అప్పటికీ కదలకపోతే చట్టం సంగతి గుర్తుచేయండి. పాత బాకీ తీరేదాకా కొత్త పని ఒప్పుకోకండి.

12. ఈ ‘రైటింగ్ జాబ్స్’కి దూరంగా ఉండండి

పని ఇచ్చేవాళ్లు డబ్బులిస్తారు, అడగరు. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్.. పేరేదైనా డబ్బులు కట్టమంటే అక్కడే ఆపేయండి. టైపింగ్ వర్క్ ఇచ్చి, ‘తప్పులున్నాయి, అగ్రిమెంట్ ఉల్లంఘించారు, కోర్టు నోటీసు పంపుతాం’ అని బెదిరించి డబ్బులు గుంజడం పాత మోసం. టెలిగ్రామ్‌లో మొదట రూ.200 వేసి, తర్వాత ‘టాస్క్’ కోసం వేలు కట్టించుకోవడం ఇంకో రకం. డబ్బులు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబర్‌కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఈ నెలలోనే మొదలుపెట్టాలంటే..

మొదటి వారం: ఒక సబ్జెక్ట్, ఒక ఫార్మాట్ ఎంచుకోండి. పాత రచనలు తిరగేసి ‘బడింది, యొక్క’ ఏరేయండి.

రెండో వారం: బయటికెళ్లి ఇద్దరితో మాట్లాడి ఒక కొత్త ఫీచర్ రాయండి.

మూడో వారం: శాంపిల్స్ ఒకచోట పెట్టండి. ఇన్‌వాయిస్ ఫార్మాట్ తయారు చేసుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తి చేయండి.

నాలుగో వారం: వేర్వేరు ఐడియాలతో మూడు చోట్లకు పిచ్ పంపండి. తేదీలు షీట్‌లో ఎక్కించండి.

మూడింటికీ జవాబు రాకపోవచ్చు. వచ్చే నెల మళ్లీ మూడు పంపండి. ఒక్క పిచ్ ఓకే అయినా సరే, ‘బైలైన్ ఉంటుందా? పేమెంట్ ఎన్ని రోజుల్లో?’ అని ఆ మొదటి మెయిల్‌లోనే అడగండి. రాతకి రేటు, రచయితకి పేరు రావడం అక్కడే మొదలవుతుంది.